పురుగుమందు పనిచేసిందో లేదో మన మడిలోనే తేల్చుకోవడం ఎలా? (వరి, మొక్కజొన్న)

గోస్తనీ రైతు (పద్మనాభం మండలం)

అందరికీ నమస్కారం. ఎకరంన్నరలో ఆర్‌జీఎల్ 2537 వరి వేశాను. నాట్లు వేసి మూడు వారాలైంది. అక్కడక్కడా మొవ్వులు ఎండుతున్నాయి. పట్టి లాగితే సులువుగా చేతికి వచ్చేస్తున్నాయి, మొదట్లో కొరికిన గుర్తు కనిపిస్తోంది. కాండం తొలుచు పురుగే, అందులో అనుమానం లేదు.

షాపులో రెండు రకాల గుళికలు చూపించారు. ఒకటి క్లోరాంట్రానిలిప్రోల్ 0.4 శాతం, రెండోది కార్టాప్ హైడ్రోక్లోరైడ్ 4 శాతం. ధరలో చాలా తేడా ఉంది. పక్క పొలం పెద్దాయన ఏది వేసినా ఒకటే అంటాడు. మా బావమరిది ఖరీదైనదే వేయమంటాడు. ఎవరి మాటకీ లెక్క లేదు. ఈసారి నా మడిలోనే రెండూ వేసి తేల్చుకోవాలని ఉంది. సగం పొలానికి ఇది, సగానికి అది వేస్తే సరిపోతుందా? ఎన్ని రోజులకు చూడాలి, ఏం లెక్కపెట్టాలి?

ఆనందపురం డీలర్

సగం సగం వేసి చూడండి అన్నా. మా దగ్గర రైతులు అలాగే చూసుకుంటారు. వారం తర్వాత గట్టు మీద నిలబడితే తేడా మీకే కనిపిస్తుంది.

మేష్టారు (ఎంవీపీ కాలనీ, పరిశోధన కేంద్రంలో కీటక విభాగంలో చేసి రిటైరయ్యాను)

బాబూ, మీరు అడిగిన ప్రశ్న చాలా మంచిది. కానీ సగం సగం వేస్తే ఏమీ తేలదు. ఎందుకో చెబుతాను.

మీ పొలం పక్కన రోడ్డు లైటు ఉందా? ఈ పురుగు రెక్కల దశలో దీపానికి వస్తుంది. లైటు దగ్గరి మడుల్లో గుడ్ల సముదాయాలు ఎక్కువ పడే అవకాశం ఉంటుంది. అలాగే నీళ్ళు ముందుగా పారే మడి, పెంట ఎక్కువ తోలిన మూల, చెట్టు నీడ పడే చోటు, వీటన్నిటిలో పురుగు ఒకేలా ఉండదు. లైటు వైపు సగానికి ఒక మందు, అటువైపు సగానికి ఇంకో మందు వేశారనుకోండి. చివర్లో కనిపించే తేడా మందుదా, లైటుదా? చెప్పలేం.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఏ మందూ వేయని చెక్కలు కొన్ని ఉండాలి. అవి లేకపోతే రెండూ పనిచేశాయో, రెండూ పనిచేయలేదో, వానకు పురుగు దానంతట అదే తగ్గిందో ఎవరూ చెప్పలేరు. నా ఉద్యోగమంతా ఈ ఒక్క విషయం రైతులకు చెబుతూనే ఉన్నాను, ఇప్పటికీ చెబుతాను. మందు వేసిన చోట పంట బాగుంటే అది మందు గొప్పతనం అనుకుంటాం. వేయని చోట కూడా అంతే బాగుందేమో చూడం.

మీకు సరిపడే పద్ధతి ఇది. 20 సెంట్లు పరీక్షకు కేటాయించండి. దాన్ని ఒక్కో సెంటు చొప్పున 20 మడులు చేయండి. సెంటు అంటే సుమారు 40 చదరపు మీటర్లు, లెక్కలకు బాగుంటుంది. నాలుగు రకాలు పెట్టుకోండి: క్లోరాంట్రానిలిప్రోల్ గుళికలు, కార్టాప్ గుళికలు, క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్‌సీ పిచికారీ, ఏమీ వేయనివి. ఒక్కోటి ఐదు మడుల్లో రావాలి.

లైటు నుంచి ఒకే దూరంలో ఉన్న నాలుగు మడులు ఒక వరుస. ప్రతి వరుసలో నాలుగు రకాలూ ఉండాలి. వరుసలో ఏది ఎక్కడన్నది మీరు ఎంచుకోవద్దు, నాలుగు చీటీలు రాసి డబ్బాలో వేసి పిల్లల చేత తీయించండి. తర్వాతి వరుసకి మళ్ళీ తీయించండి. ఇలా చేస్తే లైటు ప్రభావం నాలుగింటి మీదా సమానంగా పడుతుంది.

మోతాదులు: క్లోరాంట్రానిలిప్రోల్ గుళికలు ఎకరాకు 4 కిలోలు, అంటే సెంటుకు 40 గ్రాములు. కార్టాప్ గుళికలు ఎకరాకు 8 కిలోలు, సెంటుకు 80 గ్రాములు. పిచికారీ మందు ఎకరాకు 60 మిల్లీలీటర్లు, 200 లీటర్ల నీళ్ళలో. సెంటుకు 0.6 మిల్లీలీటరు మందు, 2 లీటర్ల నీళ్ళు. ఇంత చిన్న కొలత మూతతో కుదరదు. ఐదు మడులకీ కలిపి ఒకేసారి 3 మిల్లీలీటర్లు సిరంజితో తీసి 10 లీటర్లలో కలపండి. ఆ సిరంజి ఇంకెందుకూ వాడొద్దు. గుళికలను పొడి ఇసుకలో కలిపి చల్లితే మడి అంతా సమంగా పడతాయి.

గోస్తనీ రైతు

మేష్టారూ, లైటు ఉంది. తూర్పు గట్టు పక్కనే స్తంభం. నిజమే, ఎండిన మొవ్వులు అటే ఎక్కువ.

రెండు సందేహాలు. గుళికల మడి నీళ్ళు పక్క మడిలోకి పారితే? మందు వేయని ఐదు సెంట్లలో పురుగు పెరిగి మిగతా పొలమంతా పాకితే?

మేష్టారు

మొదటి దానికి గట్లే జవాబు. ప్రతి మడికీ గట్టు బాగా మెత్తి కట్టాలి. ఒక మడి నీళ్ళు ఇంకో మడిలోకి కాకుండా, ప్రతి మడికీ కాలవ నుంచి నేరుగా పెట్టాలి. గుళికలు వేసేటప్పుడు మడిలో రెండు మూడు అంగుళాల్లోపు పలచగా నీళ్ళు నిలిపి, రెండు మూడు రోజులు తీయకూడదు. గట్టు తెగితే ఆ మడి లెక్క పక్కన పెట్టేయడమే.

రెండో దానికి: ఐదు సెంట్లలో వచ్చే నష్టం ఎకరంన్నరలో చాలా చిన్నది. దానికి బదులుగా మీకు దొరికేది వచ్చే ఏడు ఏ మందుకి డబ్బు పెట్టాలో, అసలు పెట్టాలో లేదో. పైగా ఈ పురుగు పిల్లదశలో ఎక్కువ దూరం పోదు, కాండంలోనే ఉంటుంది. రెక్కల పురుగు ఎలాగూ ఊరంతా తిరుగుతుంది, మీ ఐదు సెంట్ల వల్ల ఊళ్ళో పురుగు పెరిగిపోదు.

చోడవరం చెరకు

మేష్టారి మాట సరే గానీ, మందు కొట్టకుండా వదలడానికి మాత్రం మనసు ఒప్పదండీ. పోయినేడు నేనూ వదలలేకపోయాను. కళ్ళ ముందు మొవ్వు ఎండుతుంటే టెన్షన్ తట్టుకోలేం.

మేష్టారు

@చోడవరం చెరకు, మీ బాధ అర్థమవుతుంది. ఒక సంగతి గుర్తుంచుకోండి. పిలకల దశలో ఎండిన ప్రతి మొవ్వూ నష్టం కాదు. దుబ్బు కొత్త పిలకలు వేసి కొంతవరకు పూడ్చుకుంటుంది. అందుకే మొవ్వులు 5 శాతం ఎండితేనో, చదరపు మీటరుకు ఒక గుడ్ల సముదాయం కనిపిస్తేనో మందు గురించి ఆలోచించమంటాం. అదే ఈనిక దశలో వచ్చే తెల్ల కంకికి పూడిక లేదు, ఆ కంకి పోయినట్టే. భయం మొదటి దశలో కాదు, పొట్ట దశ దగ్గర ఉండాలి.

గాజువాక అమ్మాయి (పీజీ, ఎంటమాలజీ)

మేష్టారికి నమస్కారం. లెక్కపెట్టే విషయం నేను రాస్తాను, ఈ ఏడాది నా థీసిస్ పని అదే.

ప్రతి మడిలో గట్టు వైపు రెండు మొక్కల వరుసలు వదిలేయండి. లోపల అక్కడక్కడా పది దుబ్బులు ఎంచుకుని పక్కన చిన్న పుల్ల గుచ్చండి. ప్రతిసారీ అవే దుబ్బులు. ఒక్కో దుబ్బులో మొత్తం పిలకలు ఎన్ని, ఎండిన మొవ్వులు ఎన్ని, రెండూ రాయాలి. పది దుబ్బుల్లో 120 పిలకలుండి 9 మొవ్వులు ఎండితే 7.5 శాతం. మందు వేసే ముందు రోజు ఒకసారి, తర్వాత రెండు వారాలకు, మళ్ళీ నాలుగు వారాలకు. కోతకు ముందు తెల్ల కంకులు, మొత్తం కంకులు.

ముందు రోజు లెక్క చాలా అవసరం. ఎండిపోయిన మొవ్వు ఏ మందు వేసినా పచ్చబడదు. మందు వేసిన మూడో రోజు పోయి ఎండు మొవ్వులు చూసి మందు పనిచేయలేదనుకుంటే ఆ మందుకి అన్యాయం చేసినట్టే.

ఇదే మాట సుడిదోమకు (వరి కాండం మొదట్లో రసం పీల్చే పురుగు) ఇంకా గట్టిగా చెప్పాలి. చాలామంది సాయంత్రం కొట్టి పొద్దున్నే దుబ్బు తట్టి చూస్తారు. నీళ్ళ మీద దోమ రాలి ఉంటే మందు సూపర్ అంటారు. పైమెట్రోజిన్ దోమ చేత రసం పీల్చడం మాన్పిస్తుంది, దోమ వెంటనే రాలదు, ఆకలితో మెల్లగా చస్తుంది. బుప్రోఫెజిన్ పిల్లదోమ కుబుసం విడిచేటప్పుడు పనిచేస్తుంది, పెద్ద దోమల్ని చంపదు. తెల్లారే చూస్తే ఈ రెండూ ఫెయిలే. అదే సింథటిక్ పైరిత్రాయిడ్ కొడితే పొద్దున్నకి బోలెడు దోమ రాలి ఉంటుంది. కానీ దానితోపాటే సాలీళ్ళు, దోమ గుడ్లను పీల్చేసే మిరిడ్ నల్లులు పోతాయి. కొన్నాళ్ళకి దోమ ముందుకన్నా ఎక్కువై తిరిగి వస్తుంది. మర్నాటి లెక్క మాత్రమే చూసే పరీక్ష, పంటను ముంచే మందుకే ఫస్ట్ మార్కులు వేస్తుంది. అందుకే మేం 1, 3, 7, 14 రోజులకు లెక్కపెడతాం, సాలీళ్ళనూ మిరిడ్‌లనూ పక్క కాలమ్‌లో రాస్తాం.

మా గ్లాస్‌హౌస్‌లో టీఎన్1 అనే వరి రకం నారు మీద దోమను పెంచుతున్నాం. రోజూ ఉదయం కేజ్ తెర తీసి కాండం మొదట్లో చూస్తే గోధుమరంగు పిల్లదోమలు వరసగా అంటుకుని ఉంటాయి, వేలు దగ్గర పెడితే పక్కకి జరిగి కాండం వెనక దాక్కుంటాయి. పొలంలోనూ అంతే. పైపైన కొట్టిన మందు వాటికి తగలదు. రెండు మీటర్లకొక బాట తీసి కాండం మొదళ్ళు తడిసేలా కొట్టకపోతే మంచి మందు కూడా పరీక్షలో ఓడిపోతుంది.

ఆనందపురం డీలర్

అమ్మా, మాకు రైతు మర్నాడే ఫోన్ చేస్తాడు. దోమ పడలేదంటే డబ్బులు వెనక్కి ఇమ్మంటాడు. అందుకే రాలగొట్టే మందు కూడా కలిపి ఇస్తుంటారు చాలా షాపుల్లో. నేను రాసింది నిజం.

గాజువాక అమ్మాయి

నిజం చెప్పినందుకు థాంక్సండీ. ఆ కలిపి ఇవ్వడమే ఆపాలి. పైమెట్రోజిన్ ఇచ్చేటప్పుడు "రేపు కాదు, వారానికి చూడండి" అని చెప్పి పంపండి. ఆ ఒక్క మాట మీ షాపులో రైతు వింటాడు, మా థీసిస్ చదవడు.

లెక్కల సారు

నేను వ్యవసాయం వాణ్ణి కాదు, డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. మేష్టారు ఐదు వరుసలు ఎందుకన్నారో రాస్తాను. ఈ పద్ధతిని యాదృచ్ఛిక వరుసల పద్ధతి అంటారు, వ్యవసాయ పరిశోధన కేంద్రాల్లో ఆర్‌బీడీ అని వింటారు. రకాల సంఖ్యలో ఒకటి తీసేసి, వరుసల సంఖ్యలో ఒకటి తీసేసి గుణించండి. అది 12కి తగ్గకుండా ఉంటే మంచిదన్నది అందరూ పాటించే లెక్క. నాలుగు రకాలు, ఐదు వరుసలు: మూడు నాలుగుల 12. నాలుగే వరుసలైతే 9. అందుకే ఐదు.

ఇప్పుడు మందు వేయని మడి ఎందుకో అంకెల్లో చూడండి. ఇవి ఉదాహరణకు నేను వేసుకున్న అంకెలు. మందు మడిలో దుబ్బుకు 20 దోమలు ఉండేవి, వారానికి 8 అయ్యాయి. ఎవరైనా 60 శాతం తగ్గిందంటారు. మధ్యలో అల్పపీడనం పట్టి జోరు వాన కురిసింది. మందు వేయని మడిలో కూడా 20 ఉన్నవి 10 అయ్యాయి. హెండర్సన్, టిల్టన్ 1955లో ఇచ్చిన సూత్రం ప్రకారం: మందు మడిలో తర్వాతి లెక్కను వేయని మడిలో ముందటి లెక్కతో గుణిస్తే 8 × 20 = 160. మందు మడిలో ముందటి లెక్కను వేయని మడిలో తర్వాతి లెక్కతో గుణిస్తే 20 × 10 = 200. 160ని 200తో భాగిస్తే 0.8. ఒకటిలోంచి తీస్తే 0.2. మందు చేసిన పని 20 శాతమే, మిగతాది వాన చేసింది.

ఉల్టా కూడా అవుతుంది. మందు మడిలో 20 ఉన్నవి 6 అయ్యాయి, వేయని మడిలో 16 ఉన్నవి 24కి పెరిగాయి. పైపైన చూస్తే 70 శాతం. సూత్రం ప్రకారం 6 × 16 = 96, 20 × 24 = 480, అంటే 80 శాతం. మందు మనం అనుకున్నదానికన్నా బాగా పనిచేసింది.

గోస్తనీ రైతు

సారూ, ఆ వాన ఉదాహరణ చదివాక ఇన్నేళ్ళుగా మందు గురించి మా ఊళ్ళో చెప్పుకున్నవన్నీ మళ్ళీ ఆలోచించాలనిపిస్తోంది. ఆ సూత్రం మొవ్వులకీ పనికొస్తుందా?

లెక్కల సారు

మొవ్వులు శాతాలు కాబట్టి మీకు సులువైన దారి: ఐదు మడుల సగటు తీసి వేయని మడుల సగటుతో పోల్చండి. మీ అంకెలన్నీ ఇక్కడ పెడితే నేను విశ్లేషణ చేసి సీడీ (క్రిటికల్ డిఫరెన్స్, అంటే నమ్మదగిన కనీస తేడా) ఇస్తాను. రెండు మందుల సగటుల మధ్య తేడా సీడీ కన్నా తక్కువ వస్తే ఆ తేడాను నమ్మొద్దు. అప్పుడు ధర తక్కువైనది కొనుక్కోండి.

పాడేరు మొక్కజొన్న

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాది మొక్కజొన్న, కొంచెం చోడి (రాగి). కత్తెర పురుగుకి ఎమామెక్టిన్ కొట్టాం. పది రోజులకీ ఆకుల నిండా చిల్లులే. పనిచేయలేదా?

గాజువాక అమ్మాయి

అన్నా, పాత చిల్లులు పంట ఉన్నన్నాళ్ళూ ఉంటాయి. ఆకు సుడిలోపల కొత్తగా విచ్చుకుంటున్న ఆకుని చూడండి. అది శుభ్రంగా ఉండి, సుడిలో తడి రెట్ట లేకపోతే మందు పనిచేసినట్టే. తడిగా, రంపపు పొట్టులా రెట్ట కనిపిస్తే పురుగు లోపల బతికే ఉంది. పురుగు తల మీద తలకిందుల "వై" గుర్తు, తోక దగ్గర చతురస్రంలా నాలుగు చుక్కలు ఉంటే అది కత్తెర పురుగే.

ఈసారి కొట్టేముందు పొలంలో డబ్ల్యూ ఆకారంలో నడుస్తూ ఐదు చోట్ల ఆగి, చోటుకి పది మొక్కల సుడి విప్పి బతికున్న పురుగుల్ని లెక్కపెట్టండి. మళ్ళీ మూడో రోజు, ఏడో రోజు. రెండు మూడు సాళ్ళు మందు కొట్టకుండా ఉత్త నీళ్ళు కొట్టి వదలండి. ఎమామెక్టిన్ లీటరుకు 0.4 గ్రాములు, సాయంత్రం పూట, నాజిల్ సుడిలోకి వంచి. పెద్ద పురుగు రెట్టతో సుడిని మూసేసుకుని లోపల కూర్చుంటుంది, అప్పుడు ఏ మందూ సరిగా చేరదు.

మేష్టారు

అమ్మాయి చక్కగా చెప్పింది. ఒకటి చేరుస్తాను. ఈ పురుగు మన దేశంలో 2018లో కర్ణాటకలో కనబడింది, అప్పటినుంచి దాని మీద మందు మీద మందు పడుతూనే ఉంది. ఒకే మందు మళ్ళీ మళ్ళీ కొడితే తట్టుకునే పురుగులే మిగులుతాయి. సుడిదోమ విషయంలో ఇమిడాక్లోప్రిడ్‌కు అదే జరిగింది. ఒకసారి ఎమామెక్టిన్ కొడితే ఇంకోసారి పనిచేసే తీరు వేరైన మందు తీసుకోండి, స్పినెటోరం గానీ క్లోరాంట్రానిలిప్రోల్ గానీ. పేరు మారితే చాలదు, మందు వర్గం మారాలి.

చోడవరం చెరకు

కంపెనీల వాళ్ళు ఊళ్ళో డెమోలు వేస్తారు కదా. జెండా పాతి, ఫొటోలు తీసి, భోజనాలు పెడతారు. వాటిని నమ్మొచ్చా?

మేష్టారు

డెమోకి పోయినప్పుడు మూడు అడగండి. మందు వేయని మడి ఏది? వేసే ముందు లెక్క ఏది? ఎన్ని చోట్ల వేశారు? మూడింటికీ జవాబుంటే కూర్చుని వినండి.

అసలు మందు మార్కెట్లోకి రావాలంటే 1968 పురుగుమందుల చట్టం కింద కేంద్ర రిజిస్ట్రేషన్ కమిటీ దగ్గర రిజిస్ట్రేషన్ కావాలి. ఏ పంట, ఏ పురుగు, ఎంత మోతాదు, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలి, ఇవన్నీ వేర్వేరు చోట్ల పరీక్షించి చూపాలి. అలా తేలినదే లేబుల్ మీదకి ఎక్కుతుంది. వరికి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో దేశమంతా ఒకే పద్ధతిలో పరీక్షలు జరుగుతాయి. ఒక చోట గెలిచిన మందు ఇంకో చోట ఓడిపోవచ్చు, అక్కడి పురుగు, వాన, రకం వేరు. అందుకే మీ మడిలో చూసుకోవడం కూడా విలువైనదే. కానీ లేబుల్ లేని మందును మాత్రం పరీక్ష పేరుతో పొలంలోకి రానివ్వకండి. బయో అని రాసి రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా అమ్మే సీసాల్లో ఏముందో మీకూ నాకూ తెలియదు.

ఆనందపురం డీలర్

బిల్లు, బ్యాచ్ నంబరు కూడా అడిగి తీసుకోండి. పరీక్ష చేసేవాళ్ళు ఐదు మడులకీ ఒకే బ్యాచ్ ప్యాకెట్ వాడితే మంచిది. గోస్తనీ అన్నా, మీ పరీక్షకు చిన్న ప్యాకెట్లు నేను ఇస్తాను, ధర మామూలుదే.

గోస్తనీ రైతు

సంతోషం. రేపు గట్లు మెత్తుతాను, చీటీలు మా అమ్మాయి తీస్తుంది. మడికొక గుంజ పాతి నంబరు మాత్రమే రాస్తాను, మందు పేరు నోట్‌బుక్‌లో ఉంటుంది. ఒక్కటే మిగిలింది: మడుల నీళ్ళు చివరికి గెడ్డ (వాగు)లోకే పోతాయి. కింద చేపలు పట్టుకునేవాళ్ళున్నారు.

మేష్టారు

మంచి పని చేశారు అడిగి. గుళికలు వేశాక నీళ్ళు మడిలోనే ఇంకిపోనివ్వండి, గెడ్డలోకి తెగ్గొట్టొద్దు. ఈ మందులు నీటిలోని జీవాలకు హాని చేస్తాయి. పెద్ద వాన సూచన ఉంటే ఆ రోజు వేయనేవద్దు. చేతికి గ్లవ్స్, ముక్కుకి గుడ్డ, ఎదురుగాలికి చల్లొద్దు. గడ్డి పశువులకు వేసే ముందు లేబుల్ మీద ఎన్ని రోజులని ఉందో చూడండి.

గాజువాక అమ్మాయి

గోస్తనీ అన్నా, మీకు అభ్యంతరం లేకపోతే లెక్కపెట్టడానికి నేను, మా క్లాస్‌మేట్ పద్మనాభం వస్తాం. నోట్‌బుక్ మాత్రం మాకు చూపించకండి. ఏ మడిలో ఏ మందో తెలియకుండానే లెక్కపెడతాం, అంకెలు నేరుగా సారుకి పంపుతాం.

గోస్తనీ రైతు

రండమ్మా. గుంజల నంబర్లు సాయంత్రానికి ఇక్కడ పెడతాను.